స్త్రీల ప్రేమకథలో పురుషాహార్య నాయికను నిండుగా రాయడం ఎలా

ఇద్దరు స్త్రీల మధ్య ప్రేమను ఇతివృత్తంగా తీసుకునే సాఫిక్ రొమాన్స్‌లో పొట్టి జుట్టు, చొక్కా, ప్యాంటు, నిబ్బరమైన నడక ఉన్న నాయికకు, అంటే పురుషాహార్య నాయికకు, పాఠకుల్లో ప్రత్యేకమైన ఆదరణ ఉంది. ఆ ఆదరణను నమ్ముకుని రాసిన చాలా కథల్లో ఆమె మొదటి అధ్యాయంలో ఎలా ఉందో చివరి అధ్యాయంలోనూ అలాగే ఉంటుంది. గుమ్మానికి ఆనుకుని నిలబడుతుంది, ముక్తసరిగా మాట్లాడుతుంది, బరువులు మోస్తుంది, రెండో నాయికకు కష్టం వచ్చినప్పుడు అడ్డు నిలుస్తుంది. పేరు మార్చి చదివితే ఆ చోటులో ఏ మామూలు ప్రేమకథా నాయకుడైనా ఇట్టే ఇమిడిపోతాడు. అలా ఇమిడిపోతున్నాడంటే రచయిత ఒక స్త్రీని రాయలేదనే అర్థం. పురుషాహార్యం ఆమె ప్రతి ఉదయమూ తీసుకునే నిర్ణయం. ఆ నిర్ణయానికి ఆమె చెల్లించే మూల్యమూ, దాని వల్ల ఆమె పొందే సంతోషమూ రెండూ కథలో కనబడినప్పుడే ఆమె మనిషిగా నిలబడుతుంది.

ముందుగా తేల్చుకోవలసినవి

రాయడం మొదలుపెట్టే ముందు ఆమె తనను తాను ఏమనుకుంటుందో రచయితకు స్పష్టంగా తెలియాలి. స్త్రీలను ప్రేమించే పురుషాహార్య స్త్రీకి వాడే బుచ్ అనే ఇంగ్లీషు మాటను తన పేరుగా సగర్వంగా చెప్పుకునే స్త్రీ ఉంటుంది. దాదాపు అదే అర్థంలో అమెరికాలోని నల్లజాతి స్త్రీల మధ్య పుట్టి వాడుకలో ఉన్న స్టడ్ అనే మాటకు దాని సొంత చరిత్ర ఉంది. ఏ పేరూ పెట్టుకోకుండా, తనకు హాయిగా ఉన్న బట్టలు వేసుకుని బతికే స్త్రీ కూడా ఉంటుంది. పుట్టినప్పుడు ఆడపిల్లగా లెక్కించబడిన ట్రాన్స్ పురుషుడు వీరిలో ఎవరూ కాడు, అతను పురుషుడు. నాయిక తాను పురుషుడినని గ్రహించే కథ రాయదలిస్తే దాన్ని ఆ కథగానే, ఆ బాధ్యతతోనే రాయాలి. స్త్రీల ప్రేమకథ అని చెప్పి చదివించి, చివర్లో దాన్ని మలుపుగా వాడుకోవడం ఇరువైపుల పాఠకులకూ అన్యాయం చేయడమే.

ఆమె వయసు, పని, ఆర్థిక స్థితి కూడా ముందే తేలాలి, ఎందుకంటే పురుషాహార్యం ఆ మూడింటి మీదా ఆధారపడి మారుతుంది. పందొమ్మిదేళ్ల విద్యార్థిని జుట్టు కత్తిరించుకుంటే ఇంట్లోవాళ్లు ‘వయసు ప్రభావం’ అని సర్దుకుంటారు. యాభై ఏళ్ల ప్రధానోపాధ్యాయిని అదే పని ముప్పై ఏళ్లుగా చేస్తోందంటే దాని వెనుక ఎన్నో బేరసారాలు, ఎన్నో మౌనాలు ఉండి ఉంటాయి. నన్నడిగితే రెండోదే మంచి కథావస్తువు. నడివయసు దాటిన ఇలాంటి నాయికలు మనకు చాలా తక్కువగా దొరుకుతున్నారు.

చరిత్రలోని ఒక మనిషి

పొరలున్న పాత్ర అంటే ఏమిటో తెలుసుకోవడానికి కల్పిత పాత్రలకన్నా ఆన్ లిస్టర్ జీవితం ఎక్కువ పనికొస్తుంది. ఇంగ్లండులోని హాలిఫాక్స్ దగ్గర షిబ్డెన్ హాల్ అనే ఎస్టేటుకు యజమానురాలైన ఈమె 1791లో పుట్టి 1840లో మరణించింది. దాదాపు యాభై లక్షల పదాల దినచర్య రాసింది, అందులో ఆరోవంతు గ్రీకు అక్షరాలు, బీజగణిత చిహ్నాలు కలిపి తానే కల్పించుకున్న గూఢలిపిలో ఉంది. స్త్రీలతో తన ప్రేమలను, శారీరక సంబంధాలను ఆ లిపిలో దాచింది. 1834లో యార్క్‌లోని ఒక చర్చిలో ప్రియురాలు ఆన్ వాకర్‌తో కలిసి ప్రభుభోజన సంస్కారం స్వీకరించి, దాన్నే తమ వివాహంగా భావించింది.

రచయితలకు ఇందులో గమనించవలసినవి రెండున్నాయి. మొదటిది, ఆమె ప్యాంటు వేసుకుని తిరగలేదు. ఆనాటి స్త్రీల దుస్తులే నలుపు రంగులో వేసుకునేది, అయినా ఊరివాళ్లు ఆమెను మగమనిషితో పోల్చి ఎగతాళి చేశారు. ఆమె నడకలో, గొంతులో, బొగ్గు గనుల విషయంలో పోటీదారులతో బేరమాడే తీరులో, ఒంటరిగా చేసే ప్రయాణాల్లో వాళ్లకు అది కనబడింది. కాబట్టి బట్టల జాబితా ఒక్కటే పురుషాహార్యం అనిపించుకోదు. రెండవది, ఆమె అన్ని విధాలా ఆదర్శమూర్తి కాదు. వర్గ గర్వం ఉన్న భూస్వామి, రాజకీయంగా సంప్రదాయవాది, కౌలుదారులు తాను కోరినవారికే ఓటు వేయాలని ఒత్తిడి చేసింది. ప్రియురాళ్లను ఎంచుకునేటప్పుడు ఆస్తి లెక్కలు కూడా చూసుకుంది. ధైర్యమూ స్వార్థమూ, విద్యాసక్తీ డాబూ ఒకే మనిషిలో పక్కపక్కనే ఉన్నాయి, వాటిలో ఏదీ మరొకదాన్ని రద్దు చేయలేదు. కల్పిత నాయికకు ఈ మాత్రం స్వేచ్ఛ ఇవ్వడానికి మన రచయితలు జంకుతారు, ఆమె అసలే ఎగతాళికి గురయ్యే మనిషి కాబట్టి ఆమెలో లోపాలు చూపించకూడదనుకుంటారు. ఆ జాలి పాత్రను బొమ్మగా మారుస్తుంది.

బట్టలను దగ్గరగా చూడటం

‘రేవతి ఎప్పుడూ మగవాళ్ల చొక్కాలే వేసుకునేది. పొట్టి జుట్టు, చురుకైన చూపు, ఎవరికీ భయపడని తత్వం.’ ఇలాంటి వాక్యాలు పాఠకులకు ఒక రకాన్ని పరిచయం చేస్తాయి, మనిషిని పరిచయం చేయవు. అదే విషయాన్ని దుకాణంలోని ట్రయల్ రూములో నిలబెట్టి చూద్దాం.

‘చొక్కా భుజాల దగ్గర అతికినట్టు సరిపోయింది కానీ రెండో గుండీకి, మూడో గుండీకి మధ్య సందు విచ్చుకుంది. రేవతి చేతులు ముందుకు చాపి చూసింది, సందు ఇంకాస్త పెరిగింది. ఒక సైజు పెద్దది తీసుకుంటే సందు పోతుంది, అప్పుడు భుజం కుట్టు చేతి మీదికి జారి, అన్నయ్య చొక్కా తొడుక్కున్న చిన్నపిల్లలా ఉంటుంది. ముప్పై నాలుగేళ్లు వచ్చాక అలా కనబడటం తనకు ఇష్టం లేదు. చిన్నదే తీసుకుంది. ఇంటికి వెళ్లాక ఆ సందు దగ్గర లోపలివైపు ఒక ప్రెస్ బటన్ కుట్టుకోవాలి. పన్నెండేళ్ల వయసు నుంచీ చేస్తున్న పనే.’

ఈ కొద్ది వాక్యాల్లో ఆమెకు సూదీ దారం వచ్చని, తన రూపం మీద శ్రద్ధ ఉందని, తన శరీరానికీ తాను కోరుకునే ఆకృతికీ మధ్య పన్నెండేళ్ల వయసులోనే బేరం మొదలైందని తెలుస్తుంది. వీటిలో ఒక్కటీ రచయిత విడిగా చెప్పలేదు. పైగా ఆ ప్రెస్ బటన్ కథలో తర్వాత పనికొస్తుంది: రెండో నాయిక ఆ చొక్కా విప్పే రోజున పైన గుండీలన్నీ తీసినా ఎక్కడో పట్టి ఉందని తెలుసుకుంటుంది, వెతికి, దొరికించుకుని, ఏమీ అనదు. ఎవరికీ కనబడకూడదని కుట్టుకున్న వస్తువు మరొకరి వేళ్లకు తగలడం కన్నా గొప్ప సాన్నిహిత్య దృశ్యం కల్పించడం కష్టం.

ఇలాంటి వివరాలు నిత్యజీవితంలో కోకొల్లలు. మగవారి చొక్కాకు గుండీలు కుడివైపు ఉంటాయి, ఆడవారి చొక్కాకు ఎడమవైపు. ఏళ్ల తరబడి ఒకటే అలవాటైన చేతులకు రెండోది తడబాటు. మగవారి ప్యాంటు నడుముకు సరిపోతే తుంటి దగ్గర పట్టేస్తుంది. మంగలి దుకాణంలో ‘మరీ ఇంత పొట్టిగానా’ అని రెండుసార్లు అడిగి మూడోసారి తనకు తోచినంతే కత్తిరించేవాడు ఉంటాడు. స్త్రీల మరుగుదొడ్డి దగ్గర ‘ఇటు కాదు, అటు’ అని దారి చూపించేవాళ్లు ఉంటారు. భద్రతా తనిఖీల దగ్గర ఏ వరుసలో నిలబడినా ఒకరు ముఖం చిట్లిస్తారు. ‘సార్’ అని పిలిచినవాళ్లు గొంతు వినగానే క్షమాపణలు కోరతారు, ఆ క్షమాపణలు పిలుపుకన్నా ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఇవన్నీ కథలో గుప్పించనవసరం లేదు. ఒకటో రెండో ఎంచుకుని, ఆమె స్పందన రోజునుబట్టి మారేలా రాయాలి. పొద్దున ‘సార్’ అనిపించుకున్నందుకు లోలోపల మురిసిన స్త్రీయే సాయంత్రం అలసిపోయి ఉన్నప్పుడు అదే మాటకు చిరాకుపడవచ్చు. ఒకే విషయానికి ఒకే విధంగా స్పందించే పాత్రకు నిజానికి ఒకటే పొర ఉంటుంది.

పైకి కరుకు, లోపల వెన్న

పొరలు కావాలనగానే చాలామంది ఈ పాత సూత్రం దగ్గరే ఆగిపోతారు. కరుకుగా కనిపించే నాయిక పిల్లి పిల్లను ఒళ్లో పెట్టుకుంటుంది, లేదా రాత్రిపూట ఒంటరిగా ఏడుస్తుంది, రచయిత పని అయిపోయిందనుకుంటాడు. ఈ సూత్రంలో దాగిన భావం మరీ చిక్కైనది: పైనున్న పురుషాహార్యం ముసుగు, లోపలున్నది అసలు స్త్రీ, ప్రేమ ఆ ముసుగును తొలగిస్తుంది అని అది చెబుతుంది. నిజజీవితంలో ఆ స్త్రీలలో చాలామంది దీనికి సరిగ్గా వ్యతిరేకంగా అనుభవిస్తారు. గౌను తొడిగి ఫోటో తీయించిన రోజున వాళ్లు ముసుగు వేసుకున్నట్టు భావిస్తారు, చొక్కా తొడుక్కున్నాక ఊపిరి పీల్చుకుంటారు.

కాబట్టి ఆహార్యంతో ఏ సంబంధమూ లేని గుణాలను ముందు నిర్ణయించండి. లెక్కల్లో గట్టిదే అయినా అప్పు అడిగినవాళ్లకు లేదనలేకపోవచ్చు. పని చోట అందరితో పోట్లాడే మనిషి తల్లి ఫోను వస్తే మూగపోవచ్చు. తన బూట్ల మెరుపు గురించి ఎవరైనా మెచ్చుకోవాలని రహస్యంగా కోరుకోవచ్చు. ఆ తర్వాత ఆహార్యంతో ముడిపడిన ఒక చిక్కు ప్రశ్న వేసుకోండి: ఈ తీరును ఆమె ఎవరిని చూసి నేర్చుకుంది? తండ్రినా, మేనత్తనా, వీధి చివర ఉండే ఒంటరి స్త్రీనా, వెండితెర మీది కథానాయకుడినా? నేర్చుకున్నదానిలో మంచితోపాటు చెడూ వచ్చి ఉంటుంది. ఏడవకూడదని, సాయం అడగకూడదని, ఎదుటివారి తరఫున నిర్ణయాలు తానే తీసుకోవాలని నేర్చుకుని ఉండవచ్చు. నగలు, రంగులు ఇష్టపడే స్త్రీల మీద చిన్నచూపు కూడా నేర్చుకుని ఉండవచ్చు; అలాంటి స్త్రీనే ప్రేమించినప్పుడు ఆ చిన్నచూపు బయటపడి దెబ్బతినడం కథకు మంచి ఇరుసు అవుతుంది.

రెండో నాయిక

పురుషాహార్య నాయిక మీద ఇంత శ్రమపడి, రెండో నాయికను ఆమెను చూసి మురిసిపోయే అద్దంగా మార్చడం తరచుగా జరిగే పొరపాటు. ఆమె కోరికకు కూడా కారణాలు, చరిత్ర, భాష ఉండాలి. ఆమె పురుషుడు దొరక్క ఈమెను ప్రేమించడం లేదు; ఒక స్త్రీలో, ఆ స్త్రీ శరీరంలో ఆ తీరు కనబడటమే ఆమెను ఆకర్షిస్తోంది. ఆ ఆకర్షణ ఎక్కడ తగులుకుందో చూపించండి: మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతుల మీద, పని చేస్తున్నప్పుడు పెదవి కొరుక్కునే అలవాటు మీద, నవ్వు ఆపుకోలేక తల తిప్పుకోవడం మీద.

ఈ ఇద్దరి మధ్య పుట్టుకతోనే ఉన్న ఒక ఘర్షణను రచయితలు ఎందుకో సరిగా వాడుకోరు. రేవతికి దాక్కునే వీలు లేదు. వీధిలోకి వచ్చిన క్షణం నుంచీ అందరూ ఆమెను చూసి ఏదో ఒకటి ఊహించుకుంటారు. ఆమె ప్రియురాలు, శైలజ అనుకుందాం, ఒంటరిగా ఉన్నంతసేపూ ఎవరి కంటా పడదు. రేవతి పక్కన నిలబడినప్పుడే లోకానికి తెలుస్తుంది. శైలజ ఆఫీసు విందులో రేవతిని ‘నా స్నేహితురాలు’ అని పరిచయం చేసిందనుకోండి. రేవతికి అది తనను దాచిపెట్టడంలా తోస్తుంది, ఎందుకంటే ఆమె జీవితంలో దాచుకునే అవకాశమే ఎప్పుడూ రాలేదు. శైలజకు అది ఉద్యోగాన్ని కాపాడుకునే మామూలు జాగ్రత్త, పైగా తనను అందరూ ‘అలాంటిదానిలా లేవే’ అని మెచ్చుకున్నట్టుగా అవమానించడం ఏళ్లుగా భరిస్తూ ఉంది. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఇద్దరి దగ్గరా నిజం ఉన్న ఇలాంటి గొడవ ఒక్కటి చాలు, నవల సగభాగం దాని మీద నడుస్తుంది. బయటి లోకపు ద్వేషం ఉండవచ్చు, ఉంటుంది కూడా, కానీ ప్రతి అధ్యాయంలోనూ అదే శత్రువైతే ఈ ఇద్దరూ ఒకరినొకరు తెలుసుకునే సమయమే మిగలదు.

ఇద్దరూ పురుషాహార్యంలో ఉన్న జంటను రాయడమూ సాధ్యమే. అప్పుడు ఎవరు తలుపు తీయాలి, ఎవరు బిల్లు కట్టాలి అన్న ఆటే పాఠకులను నవ్విస్తుంది.

సాన్నిహిత్యం

శృంగార దృశ్యాల్లో పురుషాహార్య నాయికే ఎప్పుడూ చొరవ తీసుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. కొందరు స్త్రీలు తాము తాకడంలోనే తృప్తి పొందుతారు, తమను తాకనివ్వరు. దీనికి స్టోన్ బుచ్ అనే పేరు చాలాకాలంగా ఉంది. అలాంటి నాయికను రాస్తే, ఆ హద్దును ప్రియురాలి ప్రేమతో నయమయ్యే రోగంలా చిత్రించకండి. హద్దు ఎక్కడుందో ఆమె చెప్పగలగడం, రెండోవారు దాన్ని అడిగి తెలుసుకోవడం, ఒకనాడు ఆ హద్దు కాస్త పక్కకు జరగడం లేదా జరగకపోవడం, ఇవన్నీ మాటల్లో, చేతల్లో కనబడాలి. అడగడం వల్ల ఉద్వేగం చల్లబడుతుందన్న భయం అక్కర్లేదు, ‘ఇక్కడ?’ అన్న ఒక్క మాట, దానికి జవాబు రావడానికి పట్టిన క్షణం, సరిగా రాస్తే ఎన్ని విశేషణాలకన్నా ఎక్కువ పనిచేస్తాయి.

తెలుగులో రాసేటప్పుడు

ఇద్దరు నాయికలూ ‘ఆమె’లే కావడంతో ‘ఆమె ఆమె చెయ్యి పట్టుకుంది’ లాంటి వాక్యాలు పుట్టుకొస్తాయి. దృశ్యం ఎవరి కళ్లతో చూస్తున్నామో వారికి ‘తను’, ‘తన’ కేటాయించి, రెండోవారికి పేరు వాడితే చాలా చిక్కులు విడిపోతాయి. తెలుగు క్రియ కర్తను దాచుకోగలదు కాబట్టి సగం చోట్ల ఏదీ రాయనవసరమే లేదు. ఉత్తమ పురుషలో రాస్తే ‘వచ్చాను’, ‘చూశాను’ అన్న క్రియల్లో లింగం తెలియదు. అధ్యాయానికొకరు చొప్పున ఇద్దరి చేతా చెప్పిస్తే ఇది బాగా కుదురుతుంది, అయితే రెండు గొంతులూ వేరుగా వినబడాలి.

అపరిచితుల పొరపాటును చూపడానికి మన క్రియలు చక్కగా ఉపయోగపడతాయి. కాపలాదారు శైలజతో, ‘మీతో వచ్చినతను గేటు దగ్గర నిలబడ్డాడండీ’ అంటాడు. ‘ఆమె నా కోసమే నిలబడింది, పంపించండి’ అంటుంది శైలజ. దిద్దుబాటు జరిగింది, ఉపన్యాసం జరగలేదు. మరొక జాగ్రత్త: కథనంలో ‘మగాడిలా నడిచింది’, ‘మగాడిలా నవ్వింది’ అని రాయవద్దు. అలా రాసిన ప్రతిసారీ ఆమెను కొలిచే బద్ద ఒక పురుషుడి చేతిలోకి పోతుంది. ఆ మాట ఏదైనా పాత్ర నోట వస్తే రానివ్వండి. కథకుడు మాత్రం నడకను వర్ణించాలి, జేబుల్లో చేతులు ఉన్నాయో లేదో, మెట్లు రెండేసి ఎక్కిందో లేదో చెప్పాలి.

ముగింపు సంగతి

ఈ సాహిత్యానికి విషాదాంతం చాలాకాలం బలవంతంగా అంటగట్టబడింది. 1928లో వచ్చిన, రచయిత్రి రాడ్‌క్లిఫ్ హాల్ రాసిన నవలలో పురుషాహార్య నాయిక స్టీఫెన్ గోర్డన్ తన ప్రియురాలిని ఒక పురుషుడికి వదిలిపెడుతుంది. అంత త్యాగం చేసినా ఆ పుస్తకాన్ని ఇంగ్లండు న్యాయస్థానం అదే ఏడాది అశ్లీలమని నిషేధించింది. 1952లో అమెరికాలో రచయిత్రి మారిజేన్ మీకర్ మారుపేరుతో రాసిన స్త్రీల ప్రేమ నవలకు సుఖాంతం ఉండకూడదని ప్రచురణకర్తలు షరతు పెట్టారు, తపాలాలో వెళ్లే ప్రతులను అశ్లీలమని ఆ శాఖ పట్టుకుంటుందని వారి భయం. అదే ఏడాది పెట్రీషియా హైస్మిత్ మరో మారుపేరుతో ప్రచురించిన ‘ద ప్రైస్ ఆఫ్ సాల్ట్’లో ఇద్దరు స్త్రీలూ కలిసి ఉండే ఆశతో కథ ముగియడం అందుకే అంత విశేషమైంది. ఈ నేపథ్యం తెలిసిన పాఠకులు రొమాన్స్ అని చెప్పి నాయికను చంపితే క్షమించరు. రొమాన్స్ అన్నాక ప్రేమే ప్రధాన కథ కావాలి, ముగింపు తృప్తినీ ఆశనూ ఇవ్వాలి.

సుఖాంతం పేరుతో జరిగే మరో అపచారం ఉంది. చివరి అధ్యాయంలో ఎవరో ఆమెను అలంకరించి, అందరూ ‘ఎంత అందంగా ఉన్నావో’ అని ఆశ్చర్యపోతే, అంతవరకూ ఆమెను ప్రేమించిన పాఠకులు పుస్తకం విసిరికొడతారు. ఆమె మారాలి, కానీ మారవలసింది ఆమె నేర్చుకున్న మౌనం, సాయం అడగలేనితనం, ఒంటరి నిర్ణయాలు. చొక్కా చొక్కాలాగే ఉండాలి.

చిత్తుప్రతి పూర్తయ్యాక ఆమె జుట్టు, బట్టలు, నడక గురించి ఉన్న వాక్యాలన్నిటికీ గీత పెట్టి, కథ సగం దాటాక కూడా అవి మొదట్లో ఎన్ని ఉన్నాయో అన్నే ఉంటే సగం కొట్టేయండి. అప్పటికి పాఠకులకు ఆమె ఎలా ఉంటుందో తెలుసు, ఏం ఆలోచిస్తోందో తెలుసుకోవాలనుకుంటున్నారు. వీలైతే అలాంటి జీవితం గడిపే స్త్రీలతో, తగిన పారితోషికం ఇచ్చి, చదివించండి. ‘బాగుందా’ అని అడగకుండా, ఏ పేజీలో నమ్మకం సడలిందో గుర్తుపెట్టమనండి. మరుగుదొడ్డి దగ్గరి అవమానం లాంటి దృశ్యాలు కథలో ఉంటే పుస్తకం మొదట్లోనే ఒక వాక్యంలో తెలియజేయండి, వెనక అట్ట మీద సుఖాంతమని స్పష్టంగా రాయండి.